చెంచా పట్టిన చేయి

అన్నం తింటూండగా పొలమారితే మా పెద్దమ్మ నెత్తిమీద అరచేత్తో తడుతూ, "ఎవరో యాది చేస్తుండ్రు" అనేది. ఆ తలచుకుంటున్నవారు ఎవరై ఉంటారా అని పిల్లలమంతా ఒక్కొక్క పేరే చెప్పేవాళ్ళం. ఏ పేరు దగ్గర దగ్గు ఆగితే వారే తలచుకున్నట్లు లెక్క. ఈ ఆట ఆడని తెలుగిల్లు అరుదేమో. పొలమారడం అన్న మాట ఎంత చక్కటిదో ఆ వయసులో నాకు తోచలేదు. పోవలసిన దారి మారిందని ఆ మాటే చెవికి చెబుతున్నట్లుంటుంది. అన్నవాహికలోకి దిగవలసిన మెతుకు గాలిగొట్టం వైపు మళ్ళింది, దగ్గు దాన్ని వెనక్కి తోసింది, అంతటితో కథ ముగిసింది.

ఆ దగ్గే రాకపోతే ఏమవుతుంది? నలభై ఏళ్ళు దాటేవరకూ ఈ ప్రశ్న నాకు ఎదురు కాలేదు. ఎదురైననాడు దానికి జవాబు నాకు తెలియదు. నా చేతిలో చెంచా ఉంది.

మాది రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం. మన కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీద వెలసిన ఊరు, ఆయన కాలంనాటి పెద్ద చెరువున్న ఊరు. కొన్నేళ్ళ క్రితం ఒక తెల్లవారుజామున మా పెద్దనాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చేయీ కాలూ పడిపోయాయి, మాట ముద్దయింది. సాగర్ రోడ్డు మీదుగా నగరంలోని ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. దాని పేరు ఇక్కడ అనవసరం. తప్పు చేసిన చేయి నాది.

రెండోరోజు ప్రొద్దున ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఎడమచేత్తో నోటివైపు చూపించారు. దాహమని అర్థమయింది. క్రింద బండి మీద కొబ్బరిబోండం కొట్టించుకుని వచ్చి, పడుకున్న మనిషికి పడుకున్నట్లే చెంచాతో పోసాను. ఆరు చెంచాలు. ఆయన దగ్గలేదు. దగ్గకుండా త్రాగుతున్నారు గదా అని లోలోపల సంతోషించాను కూడా. మంచం తలవైపు ఒక అట్ట వ్రేలాడుతున్నది. దాని మీద ఎన్, బి, ఎమ్ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు. వార్డుకు పెట్టుకున్న గుర్తేదో అనుకున్నాను.

నేల తుడుస్తున్న ఆయమ్మ తలెత్తి చూసి కర్ర పక్కన పడేసి వచ్చింది. "అయ్యో బిడ్డా, పండవెట్టి పొయ్యకు. పానం మీదికొస్తది. లేపి కూసోవెట్టు. గుటక వడ్డదా లేదా సూసినంకనే ఇంకో చెంచ" అన్నది. తర్వాత అట్టవైపు చూపించి, "అది ఉన్నోళ్ళకు నోట్ల ఏం పెట్టొద్దంటరు" అన్నది. ఆమెకు ఆ అక్షరాలు చదవడం రాదు. నాకు వచ్చు. తెలిసినది మాత్రం ఆమెకు.

మూడోనాటికి జ్వరం వచ్చింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగుభాగం తెల్లబడింది. మ్రింగవలసినది లోపలికి పోవడం వల్ల వచ్చిన న్యుమోనియా అన్నారు డాక్టరుగారు. నేను చేసినది చెప్పాను. నోట్లో ఊరే లాలాజలం కూడా అలాగే లోపలికి జారుతుంది, కనుక ఫలానా చెంచా వల్లనే అని ఎవరూ తేల్చి చెప్పలేరన్నారు. దయగల మాటే. నాకు ఊరట మాత్రం కలగలేదు. ఆ వరండాలో కూర్చున్న పదకొండు రోజుల్లోనూ, ఆ తర్వాతా, ఈ సంగతి మనుషులకు ఎప్పటినుంచి తెలుసు, ఎవరికి తెలుసు, నాదాకా ఎందుకు రాలేదు అని వెతుకుతూ వచ్చాను. ఆ వెతుకులాటలో దొరికినదే ఈ టపా.

ముందు రెండు మాటల్లో మ్రింగడం గురించి. చెరువు క్రింది పొలాలున్నవారికి నీరడి పని తెలుసు. ఒకే కాలువ రెండుగా చీలేచోట నిలబడి, ఒక పాయకు మట్టి అడ్డం వేసి రెండోదానికి నీళ్ళు మళ్ళిస్తాడు. మన గొంతు అటువంటి చీలిక. గాలికీ అన్నానికీ కొంతమేర ఒకటే దారి. ముద్ద గొంతు దగ్గరికి రాగానే శ్వాస క్షణకాలం ఆగాలి, గాలిగొట్టం పైకి లేచి దాని మూత పడాలి, అన్నవాహిక తెరుచుకోవాలి, ముద్ద దాటాక అంతా మళ్ళీ యథాస్థితికి రావాలి. ఇదంతా ఒక సెకను అటూ ఇటూగా జరిగిపోతుంది. పాతిక జతలకు పైగా కండరాలు వరుస తప్పకుండా పనిచేయాలి. మెదడుకు దెబ్బ తగిలితే ఆ నీరడి నిద్రపోతాడు. కొందరిలో గొంతు స్పర్శ కూడా పోతుంది. నీళ్ళు గాలిగొట్టంలోకి దిగినా దగ్గు రాదు. నేను సంతోషించిన ఆ నిశ్శబ్దమే అన్నిటికన్నా ప్రమాదకరమైన లక్షణమని చాలా ఆలస్యంగా తెలిసింది. పక్షవాతం వచ్చినవారిలో ఎంతమందికి ఈ ఇబ్బంది ఉంటుందన్నదానికి 2005లో వెలువడిన ఒక సమీక్ష, పరీక్షించే పద్ధతిని బట్టి 37 నుంచి 78 శాతం దాకా అని తేల్చింది. అంటే ఇది ఏ కొద్దిమందికో వచ్చే కష్టం కాదు.

తినే పద్ధతి గురించి మనవాళ్ళు ఆలోచించకపోలేదు. చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలోనే భోజన నియమాలున్నాయి. మాట్లాడుతూ తినరాదు, నవ్వుతూ తినరాదు, మరీ త్వరగా తినరాదు, మనసు అన్నం మీద ఉంచాలి. మన ఇళ్ళలో పెద్దలు పిల్లలను గదమాయించే మాటలే అవి. అయితే అవి తన చేత్తో తాను తినేవానికి చెప్పిన నియమాలు. ఇంకొకరి నోట్లో పెట్టేవారికి చెప్పవలసినవి వేరే ఉంటాయి. నా వెతుకులాటలో ఆ ప్రశ్న బాహాటంగా చర్చకు వచ్చిన తొలి సందర్భాల్లో ఒకటి ఇంగ్లండులో దొరికింది. అక్కడినుంచి దారి విచిత్రంగా మన హైదరాబాదుకే వచ్చి చేరింది.

1848 జనవరి 28న న్యూకాసిల్ దగ్గరి విన్లాటన్ అనే ఊళ్ళో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్లకు కాలిగోరు తీయడానికి క్లోరోఫారం ఇచ్చారు. మత్తుమందుగా క్లోరోఫారం వాడుకలోకి వచ్చి అప్పటికి మూడు నెలలైనా కాలేదు. పిల్ల మొహం పాలిపోయింది. కంగారుపడిన వైద్యుడు మొహాన నీళ్ళు చల్లి, నోట్లో నీళ్ళూ బ్రాందీ పోసాడు. కొన్ని నిమిషాల్లో ఆమె చనిపోయింది. క్లోరోఫారం వల్ల చనిపోయినట్లు నమోదైన తొలి రోగి ఆమె. ఆ మందును ప్రవేశపెట్టిన జేమ్స్ యంగ్ సింప్సన్ మాత్రం ఒప్పుకోలేదు. స్పృహలేని మనిషి మ్రింగలేదనీ, నోట్లో పోసిన నీళ్ళూ బ్రాందీలే ఆమెకు ఊపిరాడకుండా చేసాయనీ వాదించాడు. తన మందును కాపాడుకోవాలన్న ఆత్రం ఆ వాదంలో ఉంది. గుండె హఠాత్తుగా ఆగడమే అసలు కారణమని అభిప్రాయపడినవారు ఎందరో ఉన్నారు, ఆ వివాదం పూర్తిగా తీరలేదు. కానీ సింప్సన్ ఆధారపడిన సూత్రం వరకూ నిజం. ఒళ్ళు తెలియని మనిషి నోట్లో పోసినది కడుపులోకే పోతుందన్న నమ్మకం లేదు. ఈ మాట 1848లోనే అచ్చులో ఉంది. నేను కొబ్బరినీళ్ళు పోసేనాటికి దానికి నూటయాభై ఏళ్ళు దాటాయి.

క్లోరోఫారం మరణాల్లో ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్న తగవును తీర్చడానికే మన హైదరాబాదు నడుం కట్టింది. రెసిడెన్సీ సర్జనూ, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతీ అయిన ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషనూ, 1889లో రెండోదీ జరిగాయి. రెండోదానికి లాన్సెట్ పత్రిక తరపున లాడర్ బ్రంటన్ వచ్చాడు, ఖర్చు ఆరో నిజాము ప్రభుత్వం భరించింది. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని తేల్చారు. ఆ తీర్పు పూర్తిగా నిలబడలేదు. తేలికపాటి క్లోరోఫారం మత్తులో గుండే హఠాత్తుగా లయ తప్పవచ్చునని 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. అయినా ఆ కమిషను కథలో నాకు నచ్చిన విషయం వేరే ఉంది. మత్తు ఇచ్చే మనిషి ఇంకేదీ చూడకుండా రోగి ఊపిరినే కనిపెట్టుకుని ఉండాలని లారీ తన శిష్యులకు నూరిపోసాడు. అతని వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ హైదరాబాదులోనే క్లోరోఫారం ఇచ్చే బాధ్యత చేపట్టింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరుగా ఆమెను చెప్పుకుంటారు. మందు ఎంత మంచిదైనా దాన్ని పట్టుకున్న చేతికి శిక్షణ కావాలన్న గ్రహింపు మూసీ ఒడ్డున అంతనాడే ఉందన్నమాట. చెంచా పట్టుకున్న చేతి విషయంలో ఆ గ్రహింపు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఎందుకు ఆలస్యమయింది? నాకు తోచిన కారణం ఇది. వైద్యం ఈ సమస్యను చాలాకాలం గొట్టంతో పరిష్కరించదలచుకుంది. మ్రింగే కండరాలు చచ్చుబడిన ఒక రోగికి 1790లో లండనులో జాన్ హంటర్ ఈల్ చేప చర్మాన్ని ఒక చువ్వకు తొడిగి, దాని గుండా కడుపులోకి ఆహారమూ మందులూ పంపించాడు. రోగి కోలుకున్నాడు. 1921లో లండను గైస్ ఆసుపత్రికి చెందిన జాన్ ఆల్ఫ్రెడ్ రైల్ సన్నటి రబ్బరు గొట్టాన్ని తయారుచేసాడు. మన వార్డుల్లో ఆయమ్మ దగ్గరినుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ "రైల్స్ ట్యూబు" అనే ముక్కుగొట్టం ఆయన పేరిటిదే. 1979లో అమెరికాలోని క్లీవ్‌లండులో గాడరర్, పాన్‌స్కీ అనే వైద్యులు పొట్ట కోయకుండానే, ఎండోస్కోపు సాయంతో పొట్టగోడ గుండా గొట్టం అమర్చే పద్ధతి కనిపెట్టారు. ఇవన్నీ ఎందరి ప్రాణాలో నిలిపినవే. కానీ గొట్టం ఉన్నంతమాత్రాన లాలాజలం లోపలికి జారడం ఆగదు. గొట్టం ఏదో ఒకనాడు తీస్తారు. తీసిన మరుక్షణం మళ్ళీ చెంచా వస్తుంది. చెంచాను ఎవరు పట్టుకుంటారన్న ప్రశ్నా వస్తుంది.

ఆ ప్రశ్న వేసినవారిలో నాకు మొదట కనిపించేది ఫ్లోరెన్స్ నైటింగేల్. ఆమె 1859లో ప్రచురించిన "నోట్స్ ఆన్ నర్సింగ్" అనే చిన్న పుస్తకంలో రోగికి అన్నం పెట్టడం గురించి ఒక అధ్యాయం, ఏ అన్నం పెట్టాలన్నదానికి ఇంకొక అధ్యాయం ఉన్నాయి. సమయానికి తేవడం, తిన్నా తినకపోయినా సమయానికి తీసివేయడం, పింగాణీ సాసరులో ఒక్క చుక్కైనా ఒలకనీయకపోవడం వంటి చిల్లరగా కనిపించే సంగతులన్నీ ఆమెకు ముఖ్యమే. అంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. అది నర్సులకు పాఠ్యపుస్తకం కాదని ఆమె ముందుమాటలోనే చెప్పుకుంది. ఇంట్లో మరొకరి ఆరోగ్యం చూడవలసివచ్చే సామాన్య స్త్రీలకోసం వ్రాసింది. నర్సింగు అనే వృత్తికి పునాది వేసిన పుస్తకం, మా పెద్దమ్మవంటి మనిషికోసం వ్రాసినదన్నమాట. తర్వాతి కాలంలో ఆ వృత్తి పెరిగింది, పెద్దమ్మ వరండాలోకి వెళ్ళిపోయింది.

ఇక ఆ మూడు అక్షరాలు. 1946లో న్యూయార్కు ప్రసూతి వైద్యుడు కర్టిస్ మెండెల్సన్ ఒక వ్యాసం ప్రకటించాడు. 1932 నుంచి 1945 వరకూ తమ ఆసుపత్రిలో జరిగిన 44,016 గర్భధారణల్లో, మత్తు ఇచ్చినప్పుడు కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోయిన సందర్భాలు 66 అని లెక్క చెప్పాడు. కడుపులోని ఆమ్లం ఊపిరితిత్తులకు చేసే హానిని కుందేళ్ళ మీద చూపించాడు. ఆపరేషనుకు ముందు ఏమీ తినకూడదు, త్రాగకూడదన్న నియమం ఆ తర్వాత ప్రపంచమంతటా బలపడింది. మంచం తలాపున వ్రేలాడే "నోటి ద్వారా ఏదీ వద్దు" అన్న అట్టకు అంత చరిత్ర ఉంది. ఎంతో ఆలోచనతో పుట్టిన ఆ నియమం మా పెద్దనాయన మంచం దగ్గరికి వచ్చేసరికి మూడు పొడి అక్షరాలయింది. వ్రాసినవారికి దాని అర్థం తెలుసు. తల తిప్పి చూడలేని రోగికీ, కొబ్బరిబోండం పట్టుకుని నిలబడ్డ నాకూ తెలియదు.

మ్రింగడాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టిన పని ఇంకా ఈమధ్యది. అమెరికాలో జెరి లోగెమన్, బేరియం కలిపిన చిన్న చిన్న గుటకలు మ్రింగించి ఎక్స్‌రేలో కదిలే బొమ్మగా చూసే పద్ధతిని తీర్చిదిద్దింది. 1983లో ఆమె వ్రాసిన గ్రంథం ఈ రంగానికి మూలస్తంభం. ఆమె వైద్యురాలు కాదు, మాట పలుకు లోపాలను సరిచేసే నిపుణురాలు. మాటకూ మ్రింగడానికీ పనిముట్లు ఒకటే గదా, అందుకే ఈ పని వారి చేతికి వచ్చింది. మన దేశంలో ఆ చదువుకు 1965లో మైసూరులో జాతీయ సంస్థ వెలసింది. ఆ తర్వాత బొంబాయిలో పెట్టిన సంస్థకు అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన మన హైదరాబాదీ ఆయన. ఆ సంస్థ దక్షిణాది కేంద్రం సికింద్రాబాదులోనే ఉంది. చెప్పవచ్చినదేమంటే, చదువు మన గుమ్మం దాకా వచ్చింది. కానీ ఒక్క నిపుణుడు పూటకు మూడుసార్లు అరవై మంచాల దగ్గర కూర్చోలేడు. అన్నం ఎవరో ఒకరు పెట్టాలి.

ఇక్కడే నన్ను కుదిపిన ఒక పరిశోధన గురించి చెప్పాలి. సూసన్ లాంగ్‌మోర్ బృందం అమెరికాలో 189 మంది వృద్ధులను కొన్నేళ్ళపాటు గమనించి 1998లో ఫలితాలు ప్రకటించింది. మ్రింగే ఇబ్బంది ఉన్నవారందరికీ న్యుమోనియా రావడం లేదు. మరి ఎవరికి వస్తున్నది? అన్నిటికన్నా బలంగా తేలిన అంశం, అన్నం తినడానికి ఇంకొకరి మీద ఆధారపడటం. నోరు శుభ్రం చేసుకోవడానికి ఇంకొకరి మీద ఆధారపడటం, పుచ్చిపోయిన పళ్ళు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. తన చేత్తో తినేవాడు తన గొంతు ఒప్పుకున్నప్పుడే ముద్ద ఎత్తుతాడు. ఇంకొకరి చేయి పెట్టేటప్పుడు ఆ వేగం చేతిది, గొంతుది కాదు. జబ్బు రోగి గొంతులో ఎంత ఉందో, పెట్టేవారి చేతిలోనూ అంత ఉందని నాకు అర్థమయింది.

చేతిలో ఉన్న జబ్బుకు మందు కూడా చేతిలోనే ఉంది. జపానులో 11 వృద్ధాశ్రమాల్లో 417 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ప్రతి భోజనం తర్వాతా ఆశ్రమం సిబ్బంది పళ్ళు తోమారు. రెండేళ్ళలో వారిలో న్యుమోనియా వచ్చినవారు 11 శాతం, రెండో భాగంలో 19 శాతం. యోనెయామా బృందం 2002లో ప్రకటించిన లెక్క ఇది. నోట్లోని సూక్ష్మజీవులే లాలాజలంతో లోపలికి దిగేది కనుక, నోరు శుభ్రంగా ఉంటే జారినా చేసే కీడు తక్కువ. ఆస్ట్రేలియాలో 19 పక్షవాతపు వార్డుల్లో జరిగిన ఇంకొక ప్రయోగం ఫలితాలు 2011లో లాన్సెట్‌లో వచ్చాయి. జ్వరం, చక్కెర, మ్రింగడం, ఈ మూడింటినీ కనిపెట్టి చూసేలా నర్సులకు శిక్షణ ఇచ్చారు. మ్రింగే శక్తిని పరీక్షించకుండా నీళ్ళు గాని మాత్రలు గాని ఇవ్వరాదు. శిక్షణ పొందిన వార్డుల్లో చేరిన మొదటి రోజునే ఆ పరీక్ష 46 శాతం మందికి జరిగింది, మిగిలిన వార్డుల్లో 7 శాతానికే. తొంభై రోజులకు మరణించిన లేదా పరాధీనులైపోయిన రోగులు శిక్షణ ఉన్నచోట 42 శాతం, లేనిచోట 58 శాతం. మూడూ కలిపి చేసిన ప్రయోగం కనుక మ్రింగడం వాటా ఎంతో విడదీయలేం. అయినా కొత్త మందూ కొత్త యంత్రమూ లేకుండా కేవలం నేర్పడం వల్ల వచ్చిన తేడా ఇది.

అయితే ఇదే పాఠాన్ని మన దగ్గరకు తెచ్చి నర్సులకు నేర్పితే సరిపోతుందా? మన వార్డుల్లో నర్సు సూది వేస్తుంది, మందు ఇస్తుంది. అన్నం పెట్టేది భార్య, కొడుకు, కోడలు, ఊరినుంచి వచ్చిన తమ్ముడు. రాత్రి ఒకరు, పగలు ఒకరు. లెక్కల్లో వీరు సిబ్బంది కారు, పనిలో మాత్రం వీరే సిబ్బంది. కనుక "ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ" అన్న మాటకు మన దేశంలో అర్థం కొంచెం వెడల్పు చేసుకోవాలి. ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. మన దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగుల కుటుంబాలతో, ఇంటివారికే వ్యాయామాలూ సంరక్షణా నేర్పి చూసిన ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. ఆరు నెలలకు నేర్పినవారికీ నేర్పనివారికీ తేడా కనబడలేదు, రెండు వైపులా 47 శాతమే. అది మ్రింగడం గురించి చేసిన ప్రయోగం కాదు, నడక, కదలిక వంటివాటి గురించి. అయినా ఇంటివారికి నేర్పేస్తే అన్నీ చక్కబడతాయని నమ్మేవారు దాన్ని చదవాలి. ఇంటివారు నిపుణుల స్థానం తీసుకోలేరు. నేను కోరుతున్నది అంత పెద్దది కూడా కాదు. హాని చేయకుండా ఒక చెంచా ఎలా పట్టుకోవాలో చెప్పమంటున్నాను, అంతే.

అది మనకు కొత్తా అంటే కాదు. ఉగ్గుగిన్నె ఉన్న సంస్కృతి మనది. బరువు తక్కువగా పుట్టి రొమ్ము పట్టలేని బిడ్డకు కొమ్ముగిన్నెతో పాలు ఎలా పట్టాలో మన పిల్లల వార్డుల్లో నర్సులు తల్లికి పక్కన కూర్చుని చూపిస్తారు. పెదవికి ఆనించి ఆగాలి, బిడ్డ చప్పరించాక కొంచెం వంచాలి. సంప్రదాయమంతా మంచిదనీ నేననను. పసివాళ్ళ ముక్కుల్లో, గొంతులో నూనె పోసే అలవాటు వల్ల ఊపిరితిత్తులు పాడైన దక్షిణాది పిల్లల గురించి 1973లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. మంచీ చెడూ రెండూ చేతివాటంలోనే ఉన్నాయి. ఒక రోజు బిడ్డ తల్లికి చూపించే ఓపిక ఉన్న చోట, ఎనభై ఏళ్ళ బిడ్డ భార్యకు చూపించలేమా?

ఆ ఆయమ్మ, తర్వాత వచ్చి పరీక్షించిన నిపుణురాలు, ఆపైన చదివిన కాగితాలు, ముగ్గురి దగ్గరా నేను నేర్చుకున్నది ఇంత. రోగి పూర్తిగా మేలుకుని ఉంటేనే పెట్టాలి. వీలైనంత నిటారుగా కూర్చోబెట్టాలి. పెట్టేవారు నిలబడకూడదు, ఎదురుగా కూర్చోవాలి. మనం నిలబడితే రోగి తల పైకెత్తుతాడు, తల పైకెత్తితే గాలిగొట్టం దారి తెరుచుకుంటుంది. చిన్న చెంచా, అందులో సగం. కంఠమణి పైకి లేచి దిగడం చూసాకనే రెండో చెంచా. మధ్యలో "ఆ" అనిపించాలి, గొంతు గురగురమంటే ఆపివేయాలి. పడిపోయినవైపు బుగ్గలో ముద్ద దాగి ఉంటుంది, చూడాలి. తిన్నాక అరగంటసేపు పడుకోబెట్టరాదు. తినకముందూ తిన్నాకా నోరు శుభ్రం చేయాలి. దగ్గు లేదు గదా అని ధీమా పడరాదు. వీటికి ముందు, అసలు నోటితో పెట్టవచ్చునా అన్నది పరీక్షించినవారు చెప్పాలి.

ఇక ఏమి పెట్టాలన్నది. చిక్కదనానికి 0 నుంచి 7 దాకా మెట్లు ఏర్పరచిన ఒక అంతర్జాతీయ కొలమానం ఉంది. పరీక్ష ఎంత సులభమంటే, పది మిల్లీలీటర్ల సిరంజికి సూది తీసివేసి, మొనకు వేలు అడ్డం పెట్టి ద్రవం నింపి, పది సెకన్లు వదలాలి. ఎంత మిగిలిందో దాన్నిబట్టి మెట్టు. మా వంటింట్లో నేనూ పెద్దమ్మా చేసి చూసాం. వేడిమీద పలచగా జారిపోయిన రాగిజావే చల్లారేసరికి సిరంజిలో నిలిచిపోయింది. ఎంగిలి చెంచా గిన్నెలో ముంచితే జావ కాసేపటికి పలచబడింది, లాలాజలం పిండిని కరిగిస్తుంది కనుక. అన్నిటికన్నా ఆశ్చర్యం చారన్నం. మనం రోగికి తేలికని పెట్టేది అదే. పలచటి నీరూ మెతుకూ కలిసి ఉండటం వల్ల బలహీనమైన గొంతుకు అది చాలా కష్టమైన పదార్థం. నీరు ముందు జారిపోతుంది, మెతుకు వెనకబడుతుంది. మెత్తగా మెదిపిన పప్పన్నం దానికన్నా నయం. చిక్కబరచడమూ సర్వరోగ నివారిణి కాదు. చిక్కటి ద్రవాలు నచ్చక రోగులు త్రాగడం తగ్గించి, ఒంట్లో నీరు తగ్గిపోయే ప్రమాదం ఉంది. అందుకే రోజుకు ఎంత త్రాగారో పెద్దమ్మ గోడమీద బొగ్గుతో గీతలు గీసేది.

పెద్దనాయన ఆ న్యుమోనియానుంచి బయటపడి ఇంటికి వచ్చారు. పధ్నాలుగు నెలలు బ్రతికారు. ఒక్కొక్క భోజనానికి ముప్పావు గంట పట్టేది. ఆ ముప్పావు గంట పెద్దమ్మ పీట వేసుకుని ఎదురుగా కూర్చుని, ఆయన గొంతువైపే చూస్తూ ఉండేది. ఆ చూపులో నాకు లారీ శిష్యుల చూపు కనిపించేది. నా వంతు వచ్చినప్పుడు మొదటి చెంచా ఎత్తడానికి నా చేయి వణికేది. చివరిదాకా ఆ వణుకు పోలేదు, పోకపోవడమే మంచిదయింది.

ఆఖరి రోజున చుట్టాలు తులసినీళ్ళు తెచ్చారు. గొంతులో పోయమన్నారు. పోవడం ఖాయమైన మనిషికి పోస్తే ఏమి, పోయకపోతే ఏమి అని ఎవరో అన్నారు. పెద్దమ్మ గ్లాసు అందుకుని, మెత్తటి తెల్లగుడ్డ కొస ముంచి, ఆయన పెదవుల మీద అద్దింది. "గొంతుల వొయ్యద్దు. ఉక్కిరిబిక్కిరైతడు. గిట్ల జాలు" అన్నది. ఎవరూ మారు మాట్లాడలేదు.

మా ఇబ్రహీంపట్నంలో సర్కారు దవాఖాన ఉంది, నర్సింగ్ హోములున్నాయి. ప్రతి మంచం దగ్గరా ఆ మూడు అక్షరాలకు బదులు "నోట్లో ఏమీ పోయకండి, నీళ్ళు కూడా" అని తెలుగులో, ఉర్దూలో వ్రాసిన అట్ట ఒకటి ఉంటే ఎంత ఖర్చు? ఆయమ్మలను ఒక పూట కూర్చోబెట్టి, వారికి తెలిసినది వారిచేతనే చెప్పించి, తెలియనిది కలిపి చెబితే ఎంత శ్రమ? 1848లో సింప్సన్‌కు తెలిసిన సంగతి నాకు ఒక నేల తుడిచే మనిషి చెప్పవలసివచ్చింది. ఆమె చెప్పినందుకు నాకు కృతజ్ఞత ఉంది. ఆమె ఆ వైపు చూడని మంచాల సంగతి తలచుకుంటేనే బెంగ.

పొలమారడానికి మీ వైపు ఏమంటారు? మీ ఇళ్ళలో ముసలివారికీ మంచం పట్టినవారికీ ఏమి పెట్టేవారు, ఎలా పెట్టేవారు? తెలిసినవారు వ్రాస్తే, ఆ ముక్కలన్నీ ఒకచోట చేర్చి ఒక చిన్న కరపత్రంగా వేయించాలని ఉంది. మొదటి ప్రతి ఆ ఆయమ్మకు చదివి వినిపించాలి.